ఖాళీ చేయడానికి మంచిరోజు

అద్దెకున్నవారిని రక్షించడానికి గోదావరి జిల్లాల్లో రెండు చట్టాలు అమల్లో ఉన్నాయి. మొదటిది ప్రభుత్వం చేసింది, అందులో వాయిదాలుంటాయి. రెండోది పంచాంగం, దానిమీద అప్పీలు లేదు.

రాజమండ్రిలో పౌరోహిత్యం చేసుకునే రామచంద్రమూర్తిగారికి ఈ సంగతి సొంత ఇల్లు అమ్మబోయేదాకా తెలియలేదు. (ఆ పేటలో రెండో చట్టానికి ఆయనే అధికారి.) పై వాటాలో ఆయన, కింద అద్దెకి గణేష్‌బాబు దంపతులు. మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేకపోతున్న భార్య మాణిక్యాంబ కోసం కోరుకొండలో మెట్లు లేని ఒంటంతస్తు ఇల్లొకటి చూసి బయానా ఇచ్చారు. ఈ ఇల్లు కొంటానన్న వీరవెంకటసత్యనారాయణగారు మాత్రం కింద వాటా ఖాళీ అయితేనే రిజిస్ట్రేషన్ అన్నారు.

“అమ్ముకోడం చట్టప్రకారం కారణం కాదండి. కింద మీరే కాపురముంటానంటే కేసు వెయ్యొచ్చు” అంది లాయరు సత్యశ్రీ.

అంటే ఇల్లు వదిలించుకోవాలంటే ముందు అందులో కాపురం పెట్టాలి. వేదాంతం కూడా మూర్తిగారిని ఇంత తికమక పెట్టలేదు. చివరికి గణేష్‌బాబునే బతిమాలారు.

“అయ్యో, దానికేముందండీ, ఖాళీ చేసేత్తాం! ముహూర్తం మాత్రం మీ చేత్తోనే పెట్టాలండి.”

మూర్తిగారు సంబరంగా పంచాంగం తెరిచారు. ఆషాఢంలో ఇల్లు మారకూడదు. శ్రావణమంతా మూఢం. భాద్రపదం శూన్యమాసం. ఆశ్వయుజానికి గణేష్‌బాబు భార్య హారతికి ఆరో నెల. కడుపుతో ఉన్న మనిషిని ఇల్లు మార్చకూడదని పేటంతటికీ చెప్పింది మూర్తిగారే.

“ఏదో ఒక రోజు మంచిదని చెప్పేస్తే ఏం పోతుందండీ?” అంది మాణిక్యాంబ.

“శాస్త్రం పోతుందే!”

“శాస్త్రం ఎక్కడికీ పోదు. పోయేది కోరుకొండ ఇల్లే.”

ఆవిడ మాటే నిజమైంది. కార్తీకం దాకా చూసిన సత్యనారాయణగారు వేరేచోట ఇల్లు కొనేసుకున్నారు. బయానా గంగలో కలిసింది. మూర్తిగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

వైశాఖంలో సత్యనారాయణగారి గృహప్రవేశం చేయించింది మూర్తిగారే. ముహూర్తం వంక పెట్టడానికి లేనిది. అదే ముహూర్తానికి, ఆ ఇంటి పై వాటాలోకి, చంటిబిడ్డతో గణేష్‌బాబు దంపతులు అద్దెకి దిగారు.

కింద వాటా ఇప్పుడు ఖాళీ. ‘ఇల్లు అమ్మబడును’ అని బోర్డు రాయించి నెలైంది. తగిలించడానికే మంచిరోజు దొరకడం లేదు.