పస్తుకి రెండు సంతకాలు

ఒక సూక్ష్మజీవిని పస్తుపెట్టాలన్నా సరే, నాగరిక సమాజంలో దానికి రెండు సంతకాలు కావాలి. ఈ మహత్తర సూత్రాన్ని లోకానికి ప్రసాదించినవాడు డాక్టర్ ఎల్డన్ నికర్సన్, నోవా స్కోషియా తీరాన యార్మత్ ఊరి చివర ఒమేగా-3 నూనె తీసే చిన్న ఫ్యాక్టరీకి పెద్ద. (లోకం అడగలేదు. ఆ మధ్యాహ్నం ఆయనకు వేరే పనేమీ లేదు.)

నూనె తీయడం మాత్రం తేలికే. ట్యాంకులో సముద్రపు సూక్ష్మజీవులకు చక్కెర, అమ్మోనియా పెడితే తెగ పిల్లల్ని కంటాయి. అదను చూసి అమ్మోనియా ఆపేస్తే కనడం మానేసి, కరువొచ్చిందని బెంగపడి, ఒంట్లో కొవ్వు దాచుకుంటాయి. గుండెకి మంచిదని మనం ఎగబడి కొనేది ఆ కొవ్వే. ఆపకపోతే సంతానమే తప్ప నూనె ఉండదు. ఈసారీ నూనె రాకపోతే ట్యాంకు చూసుకునే డెనీజ్ ఉద్యోగం ఆ వారంతో సరి.

సోమవారం పొద్దున్నే డెనీజ్ పరుగెత్తుకొచ్చింది. "ఎల్డన్ గారూ, టైమైంది. ఆపేయనా?"

"ఆపు... ఉండుండు. రెండో సంతకం?"

"నేను పెడతాగా!"

"నువ్వు కాంట్రాక్టు మనిషివి. తొమ్మిదో నియమం ఒప్పుకోదు."

"ఆ నియమం రాసిందెవరండీ?"

ఎల్డన్‌కి చచ్చేంత సిగ్గేసింది.

అర్హత ఉన్న ఇంకో పర్మనెంటు ఉద్యోగి ఫ్రేజర్ ఒక్కడే. ఆవేళ నవంబరు ఆఖరి సోమవారం, లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్యల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు యార్మత్‌లో ఆఫీసుకొచ్చేవాళ్లు ఎల్డన్, డెనీజ్ తప్ప ఇంకెవరూ ఉండరు. బావమరిది పడవలోంచి సముద్రంలోకి బోనులు దింపుతూ ఫ్రేజర్ ఫోనెత్తాడు.

"సంతకమేంటి? ఇక్కణ్నుంచే ఊ అంటున్నా, ఆపిపారెయ్యవయ్యా!"

"కుదరదు. ట్యాంకు ముందు నిలబడి, సిరాతో పెట్టాలి."

"ఏ వెధవ పెట్టాడయ్యా ఆ రూలు?"

"గాలి ఎక్కువగా ఉంది, వినబడ్డం లేదు," అని ఎల్డన్ ఫోను పెట్టేశాడు.

డెనీజ్ అమ్మోనియా వాల్వు మీద చెయ్యేసింది. "మీరు కాసేపు కళ్లు మూసుకోండి చాలు."

ఎల్డన్ మూసుకున్నాడు కూడా. అంతలోనే పద్నాలుగో నియమం గుర్తొచ్చి (కళ్లు మూసుకోవడం పర్యవేక్షణ కిందికి రాదు) తెరిచేశాడు. "వద్దమ్మా," అన్నాడు.

మర్నాడు ఫ్రేజర్ ఒడ్డుకొచ్చేసరికి ట్యాంకులో తినని జీవి లేదు, కనని జీవి లేదు, కొవ్వున్న జీవీ లేదు. శుక్రవారం డెనీజ్ సామాను సర్దుకుంది. "మీరు మంచివారే ఎల్డన్ గారూ, అక్కడే వచ్చింది చిక్కంతా," అంది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

విచారణ సంఘం కూర్చుని, నియమాల్లో లోపమేదీ లేదని తేల్చింది. ఇలాంటి నష్టం మళ్లీ జరగకుండా ఇకమీదట మూడు సంతకాలు ఉండాలంది. ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగులు ఇద్దరే. సవరణ రాసే పని, అనుభవాన్ని బట్టి, ఎల్డన్‌కే అప్పగించారు.

చాలా చక్కగా రాశాడు.