ఆత్మకూరుది ఇంకొకటుండాది

ఆ శనివారం పొద్దున ఉదయగిరిలో లిదియమ్మకు ఉన్న పనులు మూడే. చర్చి ఆవరణలో షామియానా వేయించాలి, కుర్చీలు తుడవాలి, వంటమనుషులకు కబురు పెట్టాలి. మర్నాడు ఆరాధన కాగానే కూతురు షైనీకి, ఆత్మకూరు ఎడ్విన్‌కు ప్రధానం. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, పిల్లవాడు పిల్ల వేలికి రింగు తొడుగుతాడు. మూడు సంబంధాలు తప్పిపోయాక కుదిరిన నాలుగోది. అందుకే లిదియమ్మ తెల్లవారుతూనే మోకరించి, "ప్రభువా, రేపటిదాకా ఏ తెగతెంపులూ లేకుండా చూడు" అని వేడుకుంది.

సరిగ్గా అదే సమయానికి ఆమె భర్త మస్తానయ్య చర్చి గోడ పక్కన గడ్డపార ఎత్తాడు.

"గుంతలెందుకన్నా? గుంజలు సిమెంటు డబ్బాల్లో నిలబెడదాం" అన్నాడు షామియానా తెచ్చిన అల్లాబకాష్.

"కొండగాలి సంగతి నీకు తెలీదా ఏంది? లేచి కోట మీద పడతాది" అంటూ మస్తానయ్య నాలుగు పోట్లు పొడిచాడు. నాలుగో పోటుకు ఏదో వేరు తెగినట్టయింది. గుంజ నిలబెట్టి మట్టి తొక్కేశాడు.

తొమ్మిది దాటాక లిదియమ్మ కుర్చీలు తుడుస్తుంటే గోడ అవతల బండి ఆగింది. వినపడిన గొంతు కాబోయే అల్లుడిది. ఎడ్విన్ ఒక ఫోను కంపెనీలో కేబుళ్లు చూసుకునే ఉద్యోగి. ప్రధానానికి ముందురోజు ఆడపిల్ల ఊరికి పోవద్దని తల్లి చెప్పింది. డ్యూటీ పడితే ఏం చేస్తాడు? అందుకే గోడ చాటున నిలబడి, గొంతు తగ్గించి, నెల్లూరు ఆఫీసులో ఉండే పై అధికారి సుజనతో మాట్లాడుతున్నాడు. లిదియమ్మకు ఇవతలి మాటలే వినిపించాయి.

"రింగు తెగిపోయినాది మేడం. ఉదయగిరి వైపుది ఇంక పనికిరాదు."

లిదియమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది.

"భయమేం లేదు మేడం, ఆత్మకూరుది ఇంకొకటుండాది గదా. ఇప్పుడంతా దాని మీదనే నడస్తా ఉండాది... ఆఁ, ఒకటి పోతే రెప్ప కొట్టేలోపల రెండోదానికి మారిపోవాల, మన డిజైనే అంత... లేదు మేడం, ఎవురికీ తెలీలేదు. తెలీకుండా రెండూ నడపడమే గదా మన పనితనం!"

ఆమె గేటు దాటి వచ్చేసరికి బండి వెళ్లిపోయింది. లిదియమ్మ వెంటనే ఎడ్విన్ తల్లి కృపారాణికి ఫోను కలిపింది.

"ఏం వదినా, మీవాడు ఆత్మకూరులో ఇంకొకటి చూసుకున్నాడంట గదా!"

"చూసుకున్నాడు వదినా, అప్పుడే నీకు తెలిసిపోయినాదా?" అంది కృపారాణి సంబరంగా. ఆమె చెప్పేది కొత్త జంట కోసం మాట్లాడిన అద్దె ఇంటి గురించి. "డిపో పక్కనే. మేమందరం పోయి చూసి వచ్చినాం. కొంచెం పాతదేగానీ, మావాడికి తెగ నచ్చినాది. పోయిన నెల నుంచి రోజూ పోయి వస్తా ఉండాడు."

"మరి నా బిడ్డ?"

"షైనీ గూడా దాంట్లోనే సర్దుకుంటాదిలే."

"సర్దుకోవాల్నా! ఇదిగో వదినా, తెగేసి చెప్తా ఉండా. ఈ సంబంధం మాకు—"

ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే మోగలేదు. మొహానే ఫోను పెట్టేసిందని లిదియమ్మ తీర్మానించుకుంది. అక్కడ ఆత్మకూరులో కృపారాణి కూడా అదే తీర్మానించుకుని, చెప్పులేసుకుని బస్టాండుకు బయలుదేరింది.

"అమ్మా, ముందు అతన్ని అడుగుదాం" అంది షైనీ.

"అడిగేదానికి ఫోనుండాల గదే!"

నిజమే, ఊళ్లో ఆ కంపెనీ ఫోన్లన్నీ మూగబోయాయి. కబుర్లు మాత్రం ఆగలేదు. పక్కింటి రాఘవమ్మకు ఏ కేబులూ అక్కర్లేదు. పదింటికి ఆత్మకూరులో ఎవరో పిల్ల ఉందన్నది వార్త. పదకొండుకు ఆ పిల్లకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. పన్నెండు కొట్టేసరికి ఇద్దరు బిడ్డలు పుట్టారు.

"ఏమయ్యా, షామియానా పీకెయ్!" అంది లిదియమ్మ. మస్తానయ్య ఆశగా కూతురి వైపు చూశాడు. కూతురు ఆకాశం వైపు చూసింది. ఆయన నిట్టూర్చి గుంజ మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ఎడ్విన్ గేటులోంచి వచ్చాడు. చేతిలో చిన్న పెట్టె. కేబుల్లోకి వెలుతురు పంపితే ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెప్పే యంత్రం. దాన్నే చూసుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ, నేరుగా గుంజ దగ్గరికి వచ్చి ఆగాడు. తల ఎత్తితే ఎదురుగా అత్తామామలు, వెనక సగం వీధి.

"ముందు ఆ సంగతి తేల్చు" అంది లిదియమ్మ. "ఏదీ నీ రెండోది? ఆత్మకూరుది?"

ఎడ్విన్ మొహం వాడిపోయింది. "మీదాకా వచ్చినాదా అత్తా? తొమ్మిదిన్నరకు అది గూడా పోయినాది."

"పోయిందా!" రాఘవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, బిడ్డలు పసిబిడ్డలు గదరా!"

"ఎవురి బిడ్డలవ్వా?" అన్నాడు ఎడ్విన్. చేతిలో పెట్టెను ఇంకోసారి చూసుకుని, "మామా, ఆ గుంజ కొంచెం పీకండి" అన్నాడు. గుంతలో చెయ్యి పెట్టి, తెగిన నల్లటి కేబులు కొస పైకి లాగాడు. "ఇదే అత్తా రింగు."

నేల మీద వేలితో సున్నా గీశాడు. నెల్లూరు నుంచి ఉదయగిరికి లైను రెండు దారుల్లో వస్తుంది. ఒకటి వింజమూరు మీదుగా ఈ చర్చి పక్కకు, రెండోది ఆత్మకూరు మీదుగా. రెండూ కలిస్తే రింగు. ఒక పక్క తెగినా ఇంకో పక్క నుంచి మాట వస్తుంది.

"మరి డిపో పక్కన ఉండేది?" అంది షైనీ.

"ఇల్లు. బాడుగ ఇల్లు. నీకు చూపించాలనే..."

ఇంతలో గేటు ముందు ఆటో ఆగింది. కృపారాణి దిగుతూనే అందుకుంది. "మొహాన ఫోను పెట్టేస్తావా వదినా!"

"నేను పెట్టలా, నువ్వే పెట్టినావు!"

"నేనెక్కడ పెట్టినాను? మా ఆయన వాకిట్లో షామియానాకు గడ్డపార వేస్తా ఉండాడు, నేను నీతో మాట్లాడతా ఉండా, టక్కుమని ఆగిపోయినాది!"

"అమ్మా," అన్నాడు ఎడ్విన్ నీరసంగా, "అది ఏ టైముకు?"

"తొమ్మిదిన్నరకురా."

ఎడ్విన్ గుంత అంచున కూలబడ్డాడు. రింగు రెండు పక్కలా ఒకే రోజు తెగడం జరిగే పని కాదని కంపెనీ వాళ్లు అతనికి ట్రైనింగులో చెప్పారు. చెప్పినవాళ్లకు వియ్యంకులు ఉండి ఉండరు. మస్తానయ్య గడ్డపారను కుర్చీల వెనక్కి తోశాడు. అల్లాబకాష్ వెళ్లి సిమెంటు డబ్బాలు తెచ్చాడు.

టీలు వచ్చాయి. సగం గ్లాసు తాగాక కృపారాణికి ఏదో గుర్తొచ్చింది. "అవును వదినా, ఈ సంబంధం మాకు అని ఆగిపోయినావే, ఏం చెప్పబోయినావు?"

మస్తానయ్యకు పొలమారింది. లిదియమ్మ గోడ మీది శిలువ కనపడకుండా కొంచెం పక్కకు తిరిగి కూర్చుంది.

"దేవుడిచ్చినాడు అని చెప్పబోయినాను వదినా."

కృపారాణి కళ్లు చెమర్చాయి. తెగతెంపులు వద్దని వేడుకుంటే రెండు తెగిపోయాయి. ఆ రెండోది ఇంకొక్క మాట ఆలస్యంగా తెగి ఉంటే రేపటి ప్రధానం ఉండేది కాదు. ఇది ప్రార్థన తప్పడమా, ఫలించడమా అన్నది లిదియమ్మకు ఎంతకీ తేలలేదు.

ఆ సాయంత్రం ఆమె మోకరించి, కేబులు తెగనిచ్చినందుకు స్తోత్రం, ఆడిన అబద్ధానికి క్షమాపణ రెండూ కలిపి ఒకే లైను మీద పంపుకుంది.