డూప్ పొట్ట మీద హీరో గాయం

ప్రపంచమంతటా మనిషికి ముందు గాయమవుతుంది, ఆ తర్వాతే దానికి చీము పడుతుందేమోనన్న దిగులు మొదలవుతుంది. ఈ అనాగరికమైన క్రమాన్ని సరిదిద్దిన ఘనత మా జూబ్లీహిల్స్‌లోని ఒక ఆసుపత్రికి దక్కింది. అక్కడ ముందు దిగులుపడతారు. దిగులు తృప్తికరంగా ఉందని తేలాకే కత్తి పెడతారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు వెక్కిరించిన పద్ధతికే ఇక్కడ ఒక అంతస్తు కేటాయించి ఏసీ పెట్టించారు.

ఆ అంతస్తు పేరు 'శస్త్రచికిత్సానంతర గాయ సమస్యల ముందస్తు ముప్పు అంచనా విభాగం'. (గోడ చాలక 'విభాగం' అనే మాట మలుపు తిరిగి లిఫ్టు పక్కన ఉంటుంది.) నిజం చెప్పాలంటే ఆలోచన మంచిదే. షుగరున్నవాడికి, సిగరెట్లు తాగేవాడికి, రక్తం తక్కువగా ఉన్నవాడికి కుట్లు త్వరగా మానవు. ఆ సంగతి ముందే కనుక్కుని, షుగరు తగ్గించి, సిగరెట్టు మాన్పించి కోస్తే మనిషి బాగుపడతాడు. ఇంత మంచి ఆలోచనను మనుషుల చేతిలో వదిలేయడం క్షేమం కాదని యాజమాన్యం దాన్ని ఒక యాప్ చేతిలో పెట్టింది. యాప్ మీ ముఖం చూస్తుంది, వేలిముద్ర తీసుకుంటుంది, ప్రశ్నలడుగుతుంది, చివర్లో మీకొక రంగు వేస్తుంది. ఆకుపచ్చయితే కోస్తారు. ఎరుపైతే ఇంటికి పంపుతారు. ఆ రంగును మార్చే అధికారం సర్జన్‌కు లేదు. నియమావళి ప్రకారం ఆకుపచ్చ రోగి గాయానికి చీము పట్టే అధికారమూ లేదు.

ఇటీవల మా ఫిల్మ్‌నగర్ హీరో నాగసాయికి హెర్నియా వచ్చింది. (పొట్ట గోడ ఒకచోట పలచబడి లోపలి పేగు బయటికి తొంగిచూడటాన్ని హెర్నియా అంటారు. పత్రికలకు మాత్రం 'తదుపరి పాత్ర కోసం కఠోర సాధన' అని చెప్పారు.) రోగి స్వయంగా వచ్చి ముప్పు అంచనాకు హాజరు కావాలని ఆయన మేనేజర్ కమలాకర్‌కు ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. కమలాకర్ పరిశ్రమలో తల నెరిసినవాడు. ముప్పు ఉన్నచోటికి హీరోను పంపడం ఆయన ఎరగడు. మేడ మీంచి దూకాలంటే డూప్, అద్దం పగలగొట్టుకుని రావాలంటే డూప్, గుర్రం కాస్త చిరాగ్గా ఉన్నా డూప్. అందుచేత రెండో ఆలోచన లేకుండా డూప్‌కు ఫోన్ చేశాడు.

ఆ డూప్ పేరు ఓదెలు. కృష్ణానగర్‌లో కిరాయికుంటాడు. నాగసాయి సినిమాలకు మాటలు రాసేవాళ్లలో నేనొకణ్ణి. ఫైటుకు ముందు హీరో చెప్పే డైలాగు నేను రాస్తాను, ఆ డైలాగు విని రౌడీలు కొట్టే దెబ్బలు ఓదెలు తింటాడు. ఆ రకంగా మా ఇద్దరిదీ చాలాకాలంగా ఉమ్మడి వ్యవసాయం.

ఓదెలు హీరోగారి చొక్కా తొడుక్కుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. విభాగానికి అధిపతి మంజులతగారు. ఆవిడ హోదా ముఖ్య ముందుచూపు అధికారి. ఆవిడ ఓదెలును వెనక నుంచి చూసి నాగసాయి అని వెంటనే గుర్తుపట్టారు. (అభిమానులు ఇన్నేళ్లుగా ఫైట్లలో చూస్తున్నది ఆ వీపునే కనుక పొరపాటు పడే అవకాశం లేదు.) అద్దాలు తీశాక కాస్త చిక్కినట్టు కనిపించారట గానీ, మేకప్ లేకపోతే ఎవరైనా ఇంతేనని సర్దుకున్నారు. యాప్ ఆ ముఖాన్నీ ఆ వేలిముద్రనూ నాగసాయి పేరు మీద రాసుకుంది. సిగరెట్టు తాగుతారా? తాగేవారి పక్కన నిలబడ్డారా? తెర మీద తాగినప్పుడు పొగ మింగారా, వదిలారా? ఓదెలుకు ఏ అలవాటూ లేదు. జొన్నరొట్టె తింటాడు, పొద్దున్నే లేచి పరుగెత్తుతాడు. యాప్ ఆకుపచ్చ వేసింది. అంత నిండైన ఆకుపచ్చ తన ఉద్యోగంలోనే చూడలేదని మంజులతగారు దాంతో సెల్ఫీ దిగారు.

ఆ ఆకుపచ్చను నమ్ముకుని సర్జన్ డాక్టర్ వెంకటాచలంగారు అసలు నాగసాయిని కోశారు. నాగసాయి వయసుకూ షుగరుకూ ప్రకటించిన అంకె ఒకటి, ఉన్న అంకె ఒకటి. సిగరెట్టు ఆరదు. కండల కోసం పొడిపించుకున్న ఇంజక్షన్లు అదనం. బల్ల మీద మనిషిని చూస్తే అనుమానం రాలేదా అని తర్వాత వెంకటాచలంగారిని అడిగాను.

"వచ్చిందండీ. కానీ అనుమానానికి యాప్‌లో గడి లేదు" అన్నారాయన.

వారం తిరక్కుండానే కుట్లు ఎర్రబడ్డాయి, చీము పట్టింది, జ్వరం వచ్చింది. వెంకటాచలంగారు ఆ సంగతి రాసి పంపితే, ఆకుపచ్చ గాయానికి చీము పట్టదనీ, పట్టిందంటే అది ఆ గాయం సొంత నిర్ణయమనీ మంజులతగారు జవాబు రాశారు. గాయానికి సంజాయిషీ నోటీసు కూడా ఇచ్చారు. గడువులోగా గాయం నోరు విప్పలేదు. దాంతో ఆవిడ తన విశేషాధికారాలతో నాగసాయి పేరు మీదున్న రంగు మార్చి ఎరుపు వేశారు. కారణం: పాత గాయం మానలేదు, ప్రవర్తన బాగాలేదు.

హీరో మంచం మీదున్నా సినిమా ఆగలేదు. ఫైట్లన్నీ ఓదెలు వీపు మీద కానిచ్చారు. అలా ఒక గోడ మీంచి దూకిన రోజున ఓదెలు పొట్టలో కూడా ఏదో జారి ఉబ్బు తేలింది. వెంకటాచలంగారు చూసి హెర్నియాయేనన్నారు. (హీరోకు వచ్చిన జబ్బే డూప్‌కూ రావడం వృత్తిధర్మమని యూనిట్‌లో కొందరు మెచ్చుకున్నారు.) పేగు అందులో చిక్కుకుని మెలిపడితే ప్రాణానికే ప్రమాదమనీ, త్వరగా కోయించుకోమనీ ఆయన గట్టిగా చెప్పారు. పైగా దూకలేని డూప్‌కు కృష్ణానగర్‌లో ఎవరూ ఫోన్ చేయరు. ఫైటర్ల యూనియన్ ఇచ్చిన వైద్యం కార్డు చెల్లేది కూడా ఆ ఒక్క ఆసుపత్రిలోనే. కాబట్టి నేనే తోడు వెళ్లాను.

ఓదెలు వేలు పెట్టగానే యాప్ 'నాగసాయిగారూ, మళ్లీ స్వాగతం' అని ఎర్రగా వెలిగింది.

"మేడం, నేను ఓదెలును. గప్పుడు హీరోసారు తరఫున వచ్చిన. నా కడుపు మీద కోతే లేదు, జర చూడుండ్రి" అని ఓదెలు చొక్కా ఎత్తాడు.

మంజులతగారు శ్రద్ధగా చూశారు. గాయం బయటికి కనిపించకపోవడం ఒక్కోసారి లోపల ముదిరిందనడానికి గుర్తు కావచ్చన్నారు. నేను ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

"ఆధార్ మీరెవరో చెబుతుందండీ. మాకు కావాల్సింది మీ ముప్పు ఎవరిదో" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. తిన్నగా కమలాకర్ దగ్గరికి పోయి, ఉన్న నిజం ఆసుపత్రిలో చెప్పమన్నాను. హీరోకు షుగరుందని బయటపడితే వచ్చే సినిమాలో ఇంటర్ చదివే కుర్రాడి పాత్ర ఏం గాను అని ఆయన నన్నే నిలదీశాడు. ఇక మిగిలింది మంజులతగారు చూపించిన దారి ఒక్కటే. రికార్డులో ఉన్న పాత గాయం మానితే ఎరుపు తీసేస్తారు. అంటే హీరో పుండు మానితేనే డూప్ కడుపు కోస్తారు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని సామెత. మా ఆసుపత్రి దాన్ని రద్దు చేసింది.

మర్నాటి నుంచి ఓదెలు ఒక చేత్తో పొట్ట అదుముకుని నాగసాయి ఇంట్లో కాపలా కూర్చున్నాడు. వేళకు షుగరు మాత్ర మింగించాడు. సిగరెట్లన్నీ తీసుకుపోయి హీరోగారు ఎన్నడూ అడుగుపెట్టని చోట, అంటే ఆయన సొంత జిమ్‌లో దాచాడు. నిర్మాత టోలిచౌకి నుంచి పంపిన ఖుబానీ మీఠా స్వీటు డబ్బాను గేటు దగ్గరే వాచ్‌మన్‌కు పెట్టేశాడు. ఆ మీఠా సంగతి తెలిసిన రోజు నాగసాయి మంచం మీంచే ఎగిరిపడ్డాడట. నా ఇంట్లో నా నోటికి కాపలా కాయడానికి నువ్వెవడివిరా అన్నాడట.

"సార్, ఇన్నేండ్ల సంది మీ దెబ్బలు నేను తిన్న. గీ ఒక్క పుండు మాత్రం మీరే మాన్పుకోవాలె. గది మానకుంటే నా పేగు ఆగది" అన్నాడు ఓదెలు.

నా డైలాగులు ఎన్ని చెప్పినా ఏ సినిమాలోనూ మారని మనిషి, ఆ మాటకు మారాడు. సిగరెట్టు అడగడం మానేశాడు. చప్పిడి కూర తిన్నాడు. షుగరు దిగింది, చీము ఆగింది, కుట్లు కలిశాయి. ఓదెలు సంతోషం చూసి నాకు కళ్లు చెమర్చాయి. తన పొట్టే మానినంత సంబరపడ్డాడు పిచ్చోడు.

మానిన గాయాన్ని యాప్‌కు చూపించి రంగు మార్పించుకోవాలి. నాగసాయి ఈసారి పౌరుషంగా తానే వచ్చాడు. యాప్ ఆయన ముఖం చూసి 'గుర్తుతెలియని వ్యక్తి' అంది. సెక్యూరిటీవాళ్లు ఆయన మెడలో విజిటర్ కార్డు వేసి, ఫొటో దిగి, బయట కుర్చీలో కూర్చోబెట్టారు. చేసేది లేక మళ్లీ ఓదెలే లోపలికెళ్లి, ఉబ్బును లోపలికి అదిమి చొక్కా ఎత్తాడు. మంజులతగారు ఆ పొట్టను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశారు. చీము పట్టిన చోట మచ్చైనా లేదు. తెల్లారేసరికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర హోర్డింగు లేచింది: ఓదెలు పొట్ట, నాగసాయి పేరు, కింద 'మా దగ్గర గాయానికి గుర్తులుండవు'. రంగు మళ్లీ ఆకుపచ్చ అయింది.

ఆ హోర్డింగు కిందుగానే ఆటోలో వెళ్లి మళ్లీ కౌంటర్ ముందు నిలబడ్డాం. అప్పటికే ఓదెలు నొప్పికి సగం వంగిపోయి ఉన్నాడు.

"ఇగ నాది చేస్తరా మేడం?" అని అడిగాడు.

మంజులతగారు ఓపిగ్గా వివరించారు. ఇదే మనిషికి, ఇదే చోట, ఇదే హెర్నియాకు ఆపరేషన్ దిగ్విజయంగా జరిగినట్టు రికార్డులో ఉంది. మళ్లీ కోస్తే మొదటిది విఫలమైనట్టు లెక్క. హోర్డింగు తీయించాలి. పైగా ఈ ఏడాది విభాగంలో సమస్యల సంఖ్య సున్నా, దాన్ని పాడుచేసుకోవడం పైవాళ్లకు ఇష్టం ఉండదు. ఈలోపల పేగు మెలిపడితే ఎవరు దిక్కని నేను గొంతు పెంచాను. పక్కనే ఉన్న వెంకటాచలంగారు కిటికీలోంచి బంజారాహిల్స్ వైపు చూడసాగారు.

మంజులతగారు రాతిగుండె మనిషేం కాదు. అటూ ఇటూ చూసి, కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి ఉపాయం చెప్పారు. అత్యవసర కేసులకు అంచనా అక్కర్లేదట. వేలిముద్ర, ముఖం, రంగు ఏవీ అడక్కుండా నేరుగా ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుంటారట.

"కాబట్టి కంగారు పడకండి ఓదెలుగారూ" అన్నారు, మొదటిసారి అతన్ని అతని పేరుతో పిలుస్తూ. "ప్రాణం మీదికి రానివ్వండి. అప్పుడింక మీకు మా దగ్గర ఏ ముప్పూ ఉండదు."