డైనింగ్ టేబుల్ చుట్టూ తాతయ్య

ఆ శనివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పుస్తకాలకు పిన్నులు కొట్టేసి, పదకొండింటికల్లా లైబ్రరీ హాల్లో జరిగే కామిక్స్ మేళాకు మోసుకుపోవాలి. అంతే. పథకం గీతలమ్మది. అది ఆమె అసలు పేరు కాదు. మాటలు రాకముందే ఇంటి గోడలన్నీ గీతలతో నింపినందుకు ఇంటిల్లిపాదీ ఇచ్చిన బిరుదు.

ఆఫీసు నుంచి వచ్చాక రోజూ కూర్చుని, ఏడాదిపాటు తాతయ్య కథను బొమ్మల్లో గీసింది. అందులో మాటల్లేవు. వానలో గొడుగు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కుర్రాడితో మొదలవుతుంది. ఆ కుర్రాడు రేడియోలు బాగుచేస్తాడు, నాయనమ్మకు సైకిల్ నేర్పుతాడు, జుట్టు నెరుస్తాడు. చివరి పేజీలో ఖాళీ పడక్కుర్చీ. రచన తనదే, బొమ్మలు తనవే, ప్రచురణకర్తా తనే. పేజీ నంబర్లు వేయమని బాబాయి చెప్తే, "బొమ్మ పాడవుతుంది బాబాయ్" అని కొట్టిపారేసిన సంపాదకురాలూ తనే.

బెంగల్లా ఒక్కటే. నాయనమ్మ దాన్ని చదవలేదు. నమూనా చేతిలో పెట్టినప్పుడల్లా నాలుగు పేజీలు తిప్పి మూసేసింది. "బావుందే. చివరికి ఏమవుతుందో నాకు తెలుసుగా" అంది. తాతయ్య పోయి మూడేళ్ళు. ఆయన పోయాకే ఈ ఫ్లాటుకు మారారు. ఈ మూడేళ్ళలో ఆయన మాట ఆవిడ ఎత్తలేదు, ఎవర్నీ ఎత్తనివ్వలేదు. మేళాలో ఒక్కటి అమ్ముడుపోకపోయినా సరే, నాయనమ్మ ఒక్కసారి ఆఖరిదాకా చదివితే చాలని గీతలమ్మ కోరిక.

డైనింగ్ టేబుల్ చుట్టూ పేజీల దొంతరలు వరసగా పేర్చారు. మధ్యలో తాతయ్య ముఖం ఉన్న అట్టల కట్ట. టేబుల్ చుట్టూ నడుస్తూ, ఒక్కో దొంతర నుంచి ఒక్కో కాగితం తీసి కింద చేర్చుకుంటూ, చుట్టు పూర్తయ్యాక మూల కూర్చున్న బాబాయికి ఇవ్వాలి. ఆయన అట్ట తొడిగి పిన్ను కొడతాడు.

"నోరు తెరిచారో, పేజీ తప్పుతుంది" అని హెచ్చరించి, మిగిలిన కాపీల కాగితాలను నమిలేస్తున్న ప్రింటర్‌తో కుస్తీకి గీతలమ్మ లోపలి గదిలోకి వెళ్ళింది. కాగితాలు ఎగురుతాయని ఫ్యాను ఆపారు. ఉక్కపోతకు వీధి తలుపు తెరిచారు.

అమ్మ పేజీల వరస ప్రకారం కుడివైపుగా నడక మొదలెట్టింది. "నేనేమన్నా బొమ్మనా, కూర్చోబెట్టి చూడ్డానికి?" అంటూ నాయనమ్మా లేచింది. కళ్ళజోడు మాత్రం పెట్టుకోలేదు. ఆవిడకు కుడికి తిరిగితే మోకాలు కలుక్కుమంటుంది, అందుకని ఎడమవైపు బయల్దేరింది. అత్తగారిని "ఇటు తిరగండి" అనే ధైర్యం అమ్మకు పెళ్ళయిన నాటి నుంచీ లేదు.

సరిగ్గా అప్పుడే ఎదురు ఫ్లాటు లెక్కల మేష్టారు డ్రిల్లింగ్ మిషన్ అరువడగడానికి వచ్చాడు. కొత్తగా దిగినాయన. పొద్దున లేస్తే అరుపులతో హోరెత్తే ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. మనుషులు తలలు వంచుకుని నడుస్తున్నారు. మధ్యలో పెద్దాయన బొమ్మ. మేష్టారు చెప్పులు విడిచి, వచ్చినంత మెల్లగా వెనక్కెళ్ళి మూడంతస్తులకూ కబురు చేశాడు.

కాసేపట్లో జనం దిగారు. అందరివీ వేలాడేసిన ముఖాలే. ఏం చేయాలో తెలియక నాయనమ్మ వెనక నడిచారు. అలాంటి సమయంలో పెద్దావిడ వెనక నడవడమే మర్యాద కదా. ఆవిడ కాగితం తీస్తే వాళ్ళూ తీశారు.

పై అంతస్తు నర్సు అమ్మ భుజం మీద చెయ్యేసింది. "ధైర్యంగా ఉండండి వదినా."

"ధైర్యానికేముందమ్మా, టైమే లేదు. పదకొండుకల్లా తీసుకెళ్ళిపోవాలి."

"అంత తొందరగానా?"

"ఆలస్యమైతే మన చోటు ఇంకొకళ్ళకిచ్చేస్తారట!"

నర్సు నోరు కొట్టుకుని నడక జోరు పెంచింది. అమ్మ మనసు కరిగిపోయింది. లోపలికి తొంగిచూసి, "ఒసేయ్, బిల్డింగు బిల్డింగంతా నీ పుస్తకానికి కదిలొచ్చిందే!" అంది. గీతలమ్మ తలుపు సందులోంచి చూసింది. నిజమే, ఎన్నడూ పలకరించనివాళ్ళు కూడా తన బొమ్మల్ని రెండు చేతులా పట్టుకుని నడుస్తున్నారు. ఆమెకు ఒళ్ళు ఝల్లుమంది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. తన వంతు కాగితాలు అందిస్తూ మేష్టారు గొంతు తగ్గించాడు. "పెద్దాయన ఎప్పుడు పోయారండీ?"

"మూడేళ్ళయింది" అన్నాడు బాబాయి, పిన్ను కొడుతూ.

"మరి ఇవాళ?"

"ఇవాళ కామిక్స్ మేళా."

మేష్టారు అట్ట మీది బొమ్మను, పుస్తకాల గుట్టను మార్చి మార్చి చూశాడు. ఆ మాట టేబుల్ చుట్టూ పాకింది. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఒకాయన సెలవు పెట్టినందుకు లబోదిబోమన్నాడు. గీతలమ్మ పరుగున వచ్చి ఒక పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో ఖాళీ కుర్చీ! మరొకటి తెరిచింది. కుర్చీ! సగానికి పైగా కుర్చీలే.

"కొంప మునిగింది! కథంతా తిరగబడింది! ఎడమవైపు ఎవరు తిరిగారు?"

అందరి చూపులూ నాయనమ్మ మీదికి వెళ్ళాయి.

"అంత ఘోరం ఏం చేశానో చూపించండి" అంటూ ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగుతో కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. పుస్తకం తెరిచింది.

ఖాళీ పడక్కుర్చీ. ఆవిడ వేలు కాసేపు అక్కడే ఆగింది. పేజీ తిప్పింది. కుర్చీలో తాతయ్య ఉన్నాడు, దగ్గుతూ. తిప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు. జుట్టు నల్లబడుతోంది. ఆయనతో పాటు మూగబోయిన రేడియో మళ్ళీ పాడుతోంది. బొమ్మలో సైకిల్ మీంచి పడ్డ ఆవిడ లేచి మళ్ళీ సీటు మీద కూర్చుంది. ఏడాదిపాటు ఆ బొమ్మలతోనే బతికినా, వాటిలో ఈ కథ కూడా ఉందని గీతలమ్మకే తెలియదు. ఎవరో కొత్తవాళ్ళు గీసినట్టు నోరు తెరుచుకుని చూస్తోంది.

ఆఖరి పేజీ. వాన. గుమ్మంలో గొడుగు ముడుస్తూ, నవ్వుతూ కుర్రాడు.

"వచ్చేశారే" అంది నాయనమ్మ. "తడిసిపోయి వచ్చారు, చూడు. ఆ రోజు తుడుచుకోమని తువ్వాలు కూడా ఇవ్వలేదే నేను, సిగ్గుతో." మూడేళ్ళ తర్వాత ఆవిడ ఆయన గురించి మాట్లాడుతోంది. ఆపకుండా మాట్లాడుతోంది. గీతలమ్మ ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేసింది. నర్సూ ఏడ్చింది. వచ్చిన పని ఇప్పటికి తీరిందన్నట్టు మేష్టారూ ఏడ్చాడు.

కాసేపటికి నాయనమ్మ రెండో గుట్టలోంచి ఒకటి తీసి తిరగేసి, ముఖం చిట్లించింది. "ఇవెవరు పేర్చార్రా? వరస తెలీకుండా అన్నీ తలకిందులు చేశారు!"

అమ్మ తలొంచుకుంది.

మేళాకు మధ్యాహ్నం చేరారు. "తాతయ్య వెళ్ళే పుస్తకం", "తాతయ్య వచ్చే పుస్తకం" అని రెండు గుట్టలు పెట్టి అమ్మారు. సాయంత్రానికి రెండోది ఒక్కటి కూడా మిగల్లేదు. మొదటివి ఇంకా ఉన్నాయి, ఓపిక ఉన్నవారు పిన్నులు పీకి, పేజీల వరస తిప్పి పేర్చి చదువుకోవచ్చు.