మంచునక్కకు పౌరసత్వం

ఒక పెద్ద అడవి. తనకు అవతల ఇంకేమీ లేదని దాని గట్టి నమ్మకం. అయినా ఎందుకైనా మంచిదని, చూసి రమ్మని అడవి మహాసభ ఓ తోడేలును పంపింది.

ఉత్తరాన మంచుదేశం చేరేసరికి తోడేలు చలికి కొయ్యబారిపోయింది. అక్కడి తెల్లనక్క ఒకటి దాన్ని తన బొరియలోకి లాగి, తోక కప్పి, తన మూడు పిల్లల పక్కన పడుకోబెట్టింది. ఎవరని అడిగేముందు తిండి పెట్టడం అక్కడి ఆచారం.

కోలుకున్న తోడేలు ఆ దేశాన్ని తానే కనిపెట్టానని ప్రకటించింది. సాక్ష్యంగా ఆ తల్లిని కట్టి తెచ్చింది.

"విజ్ఞానం వర్ధిల్లాలి! సకల మృగ సౌభ్రాతృత్వం జిందాబాద్!" అని కోతులు అరిచాయి. నక్క మెడలో తాడు మాత్రం ఎవరూ విప్పలేదు. సౌభ్రాతృత్వం పారిపోతుందని భయం కాబోలు.

"అయ్యా, ఎండలు ముదిరితే సముద్రం మీద మంచు కరిగి దారి పోతుంది. పిల్లలు చిన్నవాళ్లు. పంపెయ్యండి," అంది నక్క.

"ఎంత ముద్దుగా మాట్లాడుతోందో!" అని అధ్యక్షుడు సింహం మురిసిపోయింది.

పండిత గుడ్లగూబ రాసుకుంది: 'మాతృప్రేమను పోలిన చప్పుడు చేయును.'

ఎండలు మొదలయ్యాయి. ఆ జాతికి వేసవిలో తెల్లబొచ్చు రాలి గోధుమరంగుది వస్తుంది. వచ్చింది. సభ నోరు వెళ్లబెట్టింది.

"ఇది మన వాగుగట్టు నక్క! సున్నం పూసి తెచ్చావట్రా, దొంగవెధవా?" అని సింహం గర్జించింది.

"లేదు ప్రభూ! నువ్వైనా చెప్పక్కా!" తోడేలు దాన్ని అక్కా అనడం అదే మొదలు.

"చలికి మళ్లీ తెల్లబడతాను. మా దేశం తీసుకెళ్లి చూసుకోండి," అంది నక్క ఆశగా.

"లేని దేశానికి ఎలా తీసుకెళ్తాం?" అంటూ గుడ్లగూబ తన పుస్తకంలో మంచుదేశాన్ని కొట్టేసింది.

తీర్పు వచ్చింది. మోసగాడు తోడేలుకు బహిష్కారం: "ఆ మంచుదేశమేదో ఉంటే అక్కడికే పోయి చావు!" నక్కకు, అన్యాయం జరిగినందుకు, ఈ అడవి పౌరసత్వం.

నక్క సింహం కాళ్ల మీద పడింది. "బాబ్బాబు, నన్నూ వెళ్లగొట్టండి! మంచు ఇంకా పూర్తిగా కరిగి ఉండదు!"

సింహం కళ్లు చెమర్చాయి. "పిచ్చిదానా! ఏ పాపమూ ఎరగని పౌరురాలిని వెళ్లగొట్టడానికి మేమేమైనా అనాగరికులమా?"

సభ లేచి చప్పట్లు కొట్టింది. కోతులు పాత తాడు విప్పి, పౌరురాలికి తగిన కొత్త తాడు కట్టాయి.

తోడేలు వణుకుతూ తనకు తెలిసిన ఆ ఒక్క బొరియకే చేరింది. పిల్లలు మూడూ ఎవరని అడక్కుండా పక్కకు జరిగి చోటిచ్చాయి.

నీతి: విడుదల కావాలంటే ముందు నేరం చేసి ఉండాలి.