ఈదులకాడి చెల్కకు షరతులతో కూడిన అనుమతి

మన రాజ్యంలో శబ్దానికి ఏనాడూ కొదవ లేదు. కొదవల్లా అనుమతి ఉన్న శబ్దానికే. ఆ లోటు తీర్చడానికే శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లకు శబ్ద సమన్వయ విభాగం వెలసింది. (ఎవరడిగారని అడక్కండి. అడగడానికి వేరే ఫారం ఉంది.)

2012లో పాల్మాకుల ఊరి అరవింద్, అతని బృందం వజ్రఘోష, తమ కొత్త పవర్ మెటల్ ఆల్బంను ఊరి నడుమ పాడి విడుదల చేద్దామనుకున్నారు. పవర్ మెటల్ అంటే గిటార్లు పరుగెత్తుతాయి, డ్రమ్ములు తరుముతాయి, పాడేవాడు యుద్ధానికి పోతున్న రాజులా గొంతెత్తుతాడు. ఆఖరి పాట పేరు ‘ఈదులకాడి చెల్క’. అరవింద్ తల్లి శివమ్మ ముప్పై ఏళ్లు జొన్న వేసిన చేను అది. ఇప్పుడు విమానాశ్రయం రన్‌వే కింద ఉంది. కాగితాల్లో దానికి సర్వే నంబరే తప్ప పేరు లేదు.

“ఇంట్ల సీడీ పెడతనే అమ్మా,” అన్నాడు అరవింద్.

“డబ్బాల ఇంటే ఇంట్లనే ఉంటది బిడ్డా. నా చెల్క పేరు మైకుల రావాలె, ఊరంత ఇనాలె,” అన్నది శివమ్మ.

ఇగ ఫారం పెట్టక తప్పలేదు. తనిఖీకి అధికారి భీమశంకరరావు గారు శబ్దం కొలిచే యంత్రంతో విచ్చేశారు. యంత్రం ఆన్ చేశారు. నెత్తి మీంచి విమానం పోయింది. ముల్లు ఆ చివరికి కొట్టుకుంది. ‘బృందం పరిమితి దాటింది’ అని ఆయన రాసుకున్నారు.

“సార్, మేమింక తీగ గూడ ముట్టలే! అది విమానం సార్!” అన్నాడు అరవింద్.

“నాకు వినబడలేదా అండీ? కానీ విమానం ఫారం పెట్టలేదు కదా. ఫారం మీ పేరు మీద ఉంది. శబ్దం ఎవరి ఖాతాలో రాయమంటారు?”

(ఈ తర్కానికి జవాబు ఉంటే మీ దగ్గరే దాచుకోండి.)

రాజేంద్రనగర్ ఆఫీసుకు ఏడుసార్లు తిరిగాక దయ కలిగింది. ఊళ్లో కొత్త శబ్దం పుట్టరాదు కనుక, విమానం నెత్తి మీద ఉన్నంతసేపే పాడవలెను అన్న షరతుపై అనుమతి వచ్చింది. విమానానికి నలభై సెకన్లు. తొమ్మిది నిమిషాల ఆఖరి పాట ఒక్కదానికే పద్నాలుగు విమానాలు పట్టాయి. (దుబాయ్ విమానం ఆలస్యమైంది. అంతసేపూ గిటారు మల్లేశ్వర్ లేపిన చెయ్యి దించలేదు.)

శివమ్మ కొత్త చీర కట్టుకొని పొద్దటి నుంచి ముందు కుర్చీలో కూర్చుంది. అరవింద్ గొంతు చించుకొని పాడాడు. నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. పద్నాలుగో విమానం దిగిపోయింది. ఊరు నిశ్శబ్దమైంది.

“ఇగ మొదలుపెట్టు బిడ్డా,” అన్నది శివమ్మ. “విమానాలు పోయినయ్ గదా. నా చెల్క పాట పాడు.”

అరవింద్ మైకు వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు.

భీమశంకరరావు గారు పెన్ను తీసి ఆఖరి గడి నింపారు: ‘శ్రోతల నుంచి ఫిర్యాదులు లేవు.’