మాస్టారికి నూట ఎనిమిది

1989లో ఒంటిపూట బడులు మొదలైన రోజులు. ప్రత్తిపాడు మిషన్ బడిలో సైన్సు చెప్పే సంజీవరావు మాస్టారు ఆ శనివారం బడికి సెలవు కావడంతో ఉదయం ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేసి చూసుకుందామనుకున్నాడు. భూమి వేడెక్కుతోందని రేడియోలో విన్నాడు. సోమవారం పిల్లలకు అదే పాఠం. అట్టపెట్టెలో నల్లగుడ్డ పరిచి, పైన కిటికీ అద్దం మూసి ఎండలో పెడితే, లోపలి వేడి బయటికి పోలేక పెరుగుతుంది. అది కొలవడానికి బడిలో థర్మామీటరు లేదు. అందుకని కాంపౌండరు బాలస్వామి దగ్గర జ్వరం చూసేది ముందురోజే అడిగి తెచ్చుకున్నాడు.

ఎండెక్కేసరికి పాదరసం పరుగెత్తింది. భార్య వంటింట్లో ఉందనుకుని మాస్టారు కేకేశాడు.

"జయా, నూట ఎనిమిది దాటింది. పగిలిపోయేట్టుంది."

జయకుమారి అప్పటికే చర్చి ఊడవడానికి వెళ్ళింది. పక్కింటి వెంకటరావమ్మ మాత్రం గోడ అవతల మిరపకాయలు ఎండబోస్తూ విన్నది. తొంగి చూస్తే మాస్టారు నెత్తిన తువ్వాలుతో చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడు. ఆమె మిరపకాయల ఘాటుకే ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. ఆమెకది తోచలేదు. చర్చికి పరుగెత్తింది.

"అమ్మాయ్, మాస్టారికి నూట ఎనిమిదంట. తల పగిలిపోతందంట."

"పొద్దున ఇడ్లీలు బాగానే తిన్నారే" అంటూనే జయకుమారి బాలస్వామి ఇంటికి పరుగుతీసింది. బాలస్వామి సంచీ అందుకుని, థర్మామీటరు కోసం వెతికాడు.

"నిన్న మా ఆయనకిచ్చారు కదండీ" అంది జయకుమారి.

"అంటే జ్వరం నిన్నటిదన్నమాట. మీకు చెప్పకుండా దాచారు."

వాళ్ళు వచ్చేసరికి పెట్టెలో థర్మామీటరు పగిలి ఉంది. ఇన్నేళ్ళ అనుభవంలో థర్మామీటరును పగలగొట్టిన జ్వరాన్ని బాలస్వామి చూడలేదు. మాస్టారిని మంచమెక్కించారు.

"జ్వరం నాకు కాదండీ, భూమికి" అన్నాడు మాస్టారు.

జయకుమారి కళ్ళొత్తుకుంది.

"బొగ్గు, పెట్రోలు మండిస్తున్నాం. అడవులు కొట్టేస్తున్నాం. ఆ పొగలో ఉన్న వాయువు భూమి చుట్టూ దుప్పటిలాగా..."

"దుప్పటి అడుగుతున్నారు. చలి మొదలైంది" అన్నాడు బాలస్వామి.

వీధిలో ఉన్న దుప్పట్లన్నీ వచ్చి పడ్డాయి. "తీయండి, వేడి బయటికి పోవట్లేదు" అని మాస్టారు అడుగునుంచి మొత్తుకున్నాడు.

"భూమికి తగ్గుద్దిలే మాస్టారూ. ముందు మీరు పడుకోండి" అంది వెంకటరావమ్మ.

గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి ట్రాక్టరు వచ్చి గుమ్మం ముందు ఆగింది. బాలస్వామి సూది మరిగిస్తున్నాడు. పిచ్చెక్కిందేమో, ఉద్యోగం ఉంటుందా అని ఎవరో గుసగుసలాడారు. అప్పుడు పాస్టరు జోసఫ్ గారు వచ్చి ప్రార్థన చేసి, మంచం మీదికి వంగి మెల్లగా అడిగారు.

"సంజీవరావుగారూ, ఇప్పుడు భూమికి ఎట్లా ఉందండీ?"

మాస్టారు భార్య ముఖం చూశాడు. మరుగుతున్న సూదిని చూశాడు.

"నిక్షేపంగా ఉందండీ. దానికేం జ్వరం లేదు."

"తెలివిలోకొచ్చారు" అన్నాడు బాలస్వామి. సూది సంచీలోకి వెళ్ళింది, దుప్పట్లు ఇళ్ళకు వెళ్ళాయి. పాఠం చెప్పే నోటితో అంత పెద్ద అబద్ధం ఆడినందుకు మాస్టారు ఆ పూట అన్నం సయించక లేచాడు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. రైతులు పొలాల్లో తగలబెట్టే పత్తి కట్టె పొగ తలకెక్కి మాస్టారు అలా మాట్లాడాడని బాలస్వామి తేల్చాడు. దాంతో కట్టె కాల్చడం మానేసి, మోపులు కట్టి పొయ్యిలోకి దాచుకున్నారు. వంటచెరకు కోసం తుమ్మచెట్లు నరికే పని తప్పింది. నీడలేని ఊళ్ళోనే వడదెబ్బలు తగులుతాయని వెంకటరావమ్మ అంటే, మాస్టారు కోలుకున్నందుకు కృతజ్ఞతగా తొలకరికి ఇంటికో వేపమొక్క నాటాలని పాస్టరుగారు చర్చిలో ప్రకటించారు. చర్చికి రాని ఇళ్ళవాళ్ళు కూడా సరేనన్నారు.

గుంటలు ఎంత లోతు తవ్వాలో అందరూ మాస్టారినే అడిగారు. ఆయన లోతు చెప్పి ఊరుకున్నాడు.